జతపరచని కాగితం

కస్తూరి బడిలో పాఠాలు చెప్పింది మూడేళ్ళ రెండు నెలలు. మానేసిన రోజున హెడ్‌మిస్ట్రెస్ కారణం అడిగితే మెడనొప్పి అని రాసి ఇచ్చింది. అది అబద్ధం కాదు. అలాగని నిజమంతా అదే కాదు.

నల్లబల్ల మీద పై వరసలో రాయాలంటే చెయ్యి ఎత్తాలి. ఎత్తితే భుజం దగ్గర నరం తెగినట్టుండేది. అందుకని బల్ల మధ్య నుంచి కిందికే రాసేది. వెనక బెంచీల పిల్లలు కనపడటం లేదని గొణిగేవారు. ఎనిమిదో తరగతి మగపిల్లలు తనకొక పేరు పెట్టారని ఆమెకు తెలుసు. ఒకరోజు ఆ పేరూ, దాని పక్కన ఒక బొమ్మా, బల్ల పైసగంలో కనిపించాయి. కస్తూరి డస్టరు తీసుకుని, కుర్చీ ఎక్కి, రెండూ తుడిచింది. తుడిచినంతసేపూ వెనక నలభై మందిలో ఒక్కడు కూడా దగ్గలేదు. కిందికి దిగి పాఠం చెప్పింది. ఆ నెలాఖరుకి కాగితం ఇచ్చేసింది.

ఆమె కష్టం రొమ్ముల బరువు. పదమూడో ఏట మొదలై పదిహేడో ఏటికి మనిషిని ముందుకి వంచేసింది. సన్నని మనిషి. చేతులూ, నడుమూ, మెడా అన్నీ సన్నమే. ఆ ఒక్కటి మాత్రం వేరే ఎవరి ఒంటి నుంచో తెచ్చి పెట్టినట్టు ఉండేది. రెండు భుజాల మీదా పట్టీలు కోసిన గాట్లు వేలు పట్టేంత లోతున పడ్డాయి. ఢిల్లీ ఎండాకాలంలో రొమ్ముల కింద చర్మం చెమటకి నాని, పాసి, చీము పట్టేది. పౌడరు చల్లుకుని, పాత మల్లు గుడ్డ మడతపెట్టి దోపుకుని బడికి వెళ్ళేది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. బోర్లా పడుకోవడం అంటే ఎలా ఉంటుందో ఆమె మరిచిపోయింది.

ఈ సంగతి తెలిసిన మనిషి తల్లి హనుమాయమ్మ ఒక్కతే. బజారులో దొరికేవేవీ కూతురికి సరిపోవని తెలిశాక ఆవిడే లాంగ్‌క్లాత్ కొని, మూడు వేళ్ళ వెడల్పు పట్టీలు పెట్టి, లోపల పాత నేత చీర ముక్కలు మెత్తగా వేసి, ఏడాదికి ఆరు బాడీలు కుట్టేది. కుడుతూ ఒక్కమాట మాట్లాడేది కాదు. కొలత తీసుకునేటప్పుడు మాత్రం టేపు చలువ తగలకుండా ముందు దాన్ని అరచేతుల్లో రుద్దేది. ఎనభైఒకటి ఆగస్టులో ఆవిడ కామెర్లతో పదకొండు రోజులు మంచంలో ఉండి పోయింది. ఆ తరువాత కస్తూరి, ఉన్న ఆరింటినీ విప్పి కుట్టుకుంటూ, మళ్ళీ విప్పి కుట్టుకుంటూ ఏడాదిన్నర గడిపింది. ఒకసారి తెగించి సరోజినీ నగర్ మార్కెట్లో పెద్ద దుకాణానికి వెళ్ళింది. దుకాణదారు ఆమెను ఒకసారి చూసి, కొలత అడగకుండానే, పక్క కొట్టువాడికి వినపడేలా ఒక అంకె పలికి, అంతది ఉందా అని అడిగాడు. లేదన్నాడు పక్కవాడు, నవ్వుతూ. ఆమె తల వంచుకుని ఇంటికి నడిచి వచ్చేసింది. ఇల్లు అక్కడికి రెండు వీధులే.

ఆ ఇల్లు సర్కారు క్వార్టరు. తండ్రి వీరరాఘవులు ఒక మంత్రిత్వశాఖలో సెక్షన్ ఆఫీసరు. బాపట్ల తాలూకా నుంచి ఇరవై రెండో ఏట గుమాస్తాగా వచ్చి ముప్పై ఐదేళ్ళుగా ఢిల్లీలోనే ఉన్నాడు. డ్రాఫ్టు రాయడంలో ఆయనకి పేరుంది. ఎంత కటువైన సంగతినైనా ఎవరూ నొచ్చుకోని మాటల్లో పెడతాడని పై అధికారులు తమ కాగితాలు కూడా ఆయనకి పంపేవారు. ఇంట్లోనూ అంతే. గట్టిగా మాట్లాడి ఎరగడు. భార్య పోయాక ఇంకా తక్కువ మాట్లాడేవాడు. సాయంత్రం వచ్చి, చెప్పులు విడిచి, రేడియో ముందు కూర్చునేవాడు. ఒక్కోరోజు రేడియో పెట్టడం మరచిపోయి అలాగే దాని ముందు కూర్చుని ఉండేవాడు.

ఉద్యోగం మానేశాక కస్తూరి ఇంటి దగ్గరే క్వార్టర్ల పిల్లలకి లెక్కలూ ఇంగ్లీషూ చెప్పేది. నల్లబల్ల అక్కర్లేదు, గోడకి ఆనుకుని కూర్చుని చెప్పుకోవచ్చు.

ఏషియాడ్ ఆటలు జరిగిన మరుసటి వేసవి, ఏప్రిల్లో, కురుపు మానక డిస్పెన్సరీకి వెళ్ళింది. కేంద్ర ప్రభుత్వోద్యోగుల కుటుంబాల కోసం పెట్టిన డిస్పెన్సరీ అది. తండ్రి పేరు మీదున్న కార్డు చూపిస్తే మందు ఇస్తారు. అక్కడికి కొత్తగా ఒక లేడీ డాక్టరు వచ్చింది. ఆవిడ ఆయింట్‌మెంటు రాయబోతూ ఆగి, భుజాల మీద గాట్లు చూసింది. ఎన్నేళ్ళ నుంచని అడిగింది. చీటీ రాస్తూ, దీనికి ఆపరేషన్ ఉంది, తగ్గిస్తారు, నీకెవరూ చెప్పలేదా అంది.

ఎవరూ చెప్పలేదు. మనిషి పొడుగూ పొట్టీ ఎలాగో ఇదీ అలాగే అనుకుంది ఆమె ఇన్నాళ్ళూ. చీటీ పట్టుకుని బయట బల్ల మీద కూర్చుంది. లోపల మందులు ఇచ్చే మనిషి ఆమె నంబరు రెండుసార్లు పిలిచాడు. ఆమెకి వినపడలేదు. తల్లి బతికుండగా ఎందుకు తెలియలేదా అని ఒకటే ఆలోచన. టేపు అరచేతుల్లో రుద్దుతూ ఆ మనిషి ఎంత దిగులు పడి ఉంటుంది, దానికి ఇంత సులువైన పేరున్న మందు ఉందని తెలియక.

తండ్రికి నోటితో చెప్పలేకపోయింది. భోజనం అయ్యాక చీటీ ఆయన ముందు పెట్టింది. ఆయన చదివి, జాగ్రత్తగా మడిచి, “ఎల్లుండి సెలవు పెడతాను” అన్నాడు. అంతే.

పెద్దాసుపత్రిలో తెల్లవారకముందే వరసలో నిలబడాలి. రిజిస్టరు రాసే గుమాస్తా కార్డు తెరిచి పేర్లు చదివాడు. వీరరాఘవులు, స్వయం. హనుమాయమ్మ, పత్ని. కస్తూరి, పుత్రి. పత్ని కూడా వచ్చిందా అని అడిగాడు. వీరరాఘవులు రాలేదన్నాడు. భార్య పోయినట్టు డిస్పెన్సరీకి తెలియజేసి పేరు కొట్టేయించాలని ఆయనకి బాగా తెలుసు. ఇరవై నెలలుగా తెలియజేయలేదు.

మొదటిసారి చూసినాయన ఆ విభాగంలో పెద్ద డాక్టరు. చుట్టూ పదిమంది వైద్య విద్యార్థులు. వాళ్ళలో ఇద్దరే ఆడపిల్లలు. పైట తియ్యమన్నాడు, జాకెట్టు తియ్యమన్నాడు. తీసింది. ఆయన ఒక కర్రబద్దతో చూపిస్తూ ఇంగ్లీషులో పాఠం చెప్పాడు. కస్తూరి కిటికీలోంచి కనిపిస్తున్న నీళ్ళ టాంకీ మీద అంకెలు చదువుకుంటూ నిలబడింది. పాఠం అయ్యాక ఆయన పెళ్ళయిందా అని అడిగి, కాలేదంటే నవ్వాడు. ముందు పెళ్ళి చేసుకో బేటీ, పిల్లల్ని కను, పాలివ్వడం అయ్యాక రా, ఇప్పుడు తగ్గించుకుని రేపు మొగుడికేం చెప్తావు అన్నాడు. విద్యార్థులు నవ్వారు. ఆడపిల్లలిద్దరిలో ఒకమ్మాయి నవ్వలేదు, కాని తల తిప్పుకుంది.

వరండాలో నిలబడ్డ తండ్రి ఏమన్నారని అడగలేదు. బస్సులో మాత్రం, “ఇంకో డాక్టరు ఉంటారేమో కనుక్కుంటాను” అన్నాడు. ఆ ఒక్క మాటకి కస్తూరి ఆయనకి జీవితాంతం రుణపడి ఉంటాననుకుంది. కనుక్కున్నాడు కూడా. బుధ, శనివారాల్లో అదే విభాగంలో డాక్టర్ సేఠీ అనే ఆవిడ చూస్తుందని తెలుసుకుని మే నెలలో మళ్ళీ తీసుకెళ్ళాడు.

డాక్టర్ సేఠీకి నలభై దాటి ఉంటాయి. గది తలుపు వేయించింది. భుజం గాటిలో తన వేలు పెట్టి చూసి, వేలు తీయకుండానే, చెయ్యి తిమ్మిరెక్కుతుందా అని అడిగింది. ఎక్కుతుందంది కస్తూరి. కలం పట్టుకుంటే జారిపోతుందా? జారిపోతుంది. ఇంతవరకు ఎవరూ అడగని ప్రశ్నలకి సమాధానాలు చెబుతూ ఉంటే ఆమెకి కన్నీళ్ళు వచ్చాయి. డాక్టరు అవి చూడనట్టు రాసుకుంటూ పోయింది. ఆపరేషన్ అయితే మచ్చలు మిగులుతాయి, బహుశా బిడ్డకి పాలు ఇవ్వలేకపోవచ్చు, ఆలోచించుకున్నావా అని అడిగింది.

“ఆలోచించుకున్నాను. నాకు నిటారుగా నడవాలని ఉంది” అంది కస్తూరి.

డాక్టరు అక్టోబరు పదో తారీకు ఇచ్చింది. అయితే ఒక మెలిక ఉంది. ప్లాస్టిక్ సర్జరీ వార్డులో కార్డు మీద చేరాలంటే, అందం కోసం చేయించుకునేది కాదని, జబ్బుకే అని, కార్డు గలాయన ఆఫీసు ద్వారా ఆరోగ్యశాఖ అనుమతి తెప్పించుకోవాలి. దానికోసం ఆవిడ రెండు పేజీల సర్టిఫికెట్ రాసి ఇచ్చింది. కొలతలు, బరువు అంచనా, భుజాల గాట్ల లోతు, కురుపులు, చేతుల తిమ్మిరి, వెన్నెముక ఎక్సురే, అన్నీ పేరుపేరునా ఉన్నాయి. “ఇది పెడితే కాదనరు” అని చెప్పింది.

ఆ వేసవి కస్తూరి బతుకులో తేలికైన కాలం. కురుపులు అలాగే ఉన్నాయి, నొప్పీ అలాగే ఉంది. కాని క్యాలెండరులో అక్టోబరు పుట తిరగేసి చూసుకునేది. మళ్ళీ బడిలో చేరాలనుకుంది, ఈసారి వేరే బడిలో. ట్యూషన్ పిల్లలు, “దీదీ, ఆజ్ ఆప్ హస్ రహీ హైఁ” అని, ఇవాళ ఆమె నవ్వుతోందని ఆశ్చర్యపోయేవారు.

వీరరాఘవుల సెక్షన్లోనే త్యాగరాజు అనే గుమాస్తా ఉండేవాడు. తెనాలి వైపు మనిషి, క్వార్టరు కూడా వెనక వీధిలోనే. అతని భార్య జానకీదేవి, హనుమాయమ్మ పోయాక కస్తూరి పెళ్ళి బాధ్యత తన నెత్తిన వేసుకుంది. జులైలో ఒక సంబంధం తెచ్చింది. గుడివాడలో కోఆపరేటివ్ బ్యాంకులో పని, భార్య పోయింది, ఆరేళ్ళ కూతురుంది.

“ఫొటో మాత్రం కూర్చుని తీయించుకోవే తల్లీ. ఒళ్ళో ఏ దిండో, పుస్తకమో పెట్టుకో. నిలబడితే ఎదటివాళ్ళు ముఖం చూడరు, నేను చెబుతున్నాగా. నీ ముఖం కళగానే ఉంటుంది, దాని దాకా చూపు రావాలిగా మరి.”

జానకీదేవికి కుళ్ళు లేదు. వస్తూ గోంగూర పచ్చడి తెచ్చేది. కస్తూరి ఆవిడకి కాఫీ ఇచ్చి, అక్టోబరు తరవాత చూద్దాం పిన్నీ అంది. అక్టోబరులో ఏముందని ఆవిడ అడిగితే, దసరా కదా అంది.

అనుమతి వచ్చిందా అని తండ్రిని నెలకొకసారి అడిగేది. ఆగస్టు వరకు, ఫైలు నడుస్తోంది అనేవాడు. ఆగస్టు తరవాత, ఫరవాలేదు, డాక్టరమ్మతో నేను మాట్లాడతాను అన్నాడు. ఆ తేడా ఆమె పట్టించుకోలేదు. ఫైళ్ళ విషయంలో ఆయన్ని మించినవాళ్ళు లేరని ఆమె నమ్మకం.

అక్టోబరు పదిన తువ్వాలూ, సబ్బూ, స్టీలు గ్లాసూ, ముందుకి బొత్తాలున్న రెండు వదులు గౌన్లూ సంచిలో పెట్టుకుని తండ్రితో బయలుదేరింది. వార్డు ముందు కౌంటరులో కూర్చున్న గుమాస్తా అనుమతి పత్రం అడిగాడు. వీరరాఘవులు డాక్టరుగారితో మాట్లాడాలన్నాడు. మాట్లాడుదురుగాని పత్రం ఇవ్వండి అన్నాడతను. ఆయన కోటు లోపలి జేబులోంచి ఒక కవరు తీసి ఇచ్చాడు. గుమాస్తా విప్పి, అలవాటు కొద్దీ పైకే చదివాడు. ప్లాస్టిక్ సర్జరీ కోసం పంపిన దరఖాస్తు పరిశీలించడమైనది, రూపం మెరుగు పరుచుకునే చికిత్సలు ఈ పథకం కిందికి రావు, అనుమతించలేకపోతున్నందుకు విచారిస్తున్నాము. కింద తారీకు ఆగస్టు పద్దెనిమిది.

కస్తూరి తండ్రి ముఖంలోకి చూసింది. ఆయన కౌంటరు మీది చెక్కను చూస్తున్నాడు.

కబురు వెళ్ళి డాక్టర్ సేఠీ బయటికి వచ్చింది. ఉత్తరం తీసుకుని చదివింది. తిప్పి వెనక చూసింది.

“నేను రెండు పేజీలు రాసి ఇచ్చాను కదా భాయ్‌సాహబ్. అది చూసి కూడా ఇలా రాశారా?”

వీరరాఘవులు కోటు బొత్తాం సర్దుకున్నాడు.

“జత చేశారా లేదా?”

ఆయన మళ్ళీ అదే జేబులో చెయ్యి పెట్టి, నాలుగు మడతల కాగితం తీశాడు. మడతల దగ్గర అరిగి, జేబు చెమటకి అంచులు పసుపు పట్టి ఉంది. ఐదు నెలలుగా ఆయన గుండె మీదే ఉంది.

డాక్టరు ఆ కాగితాన్నీ, ఆయన్నీ చూసింది. కస్తూరి వైపు తిరిగి, పత్రం లేకుండా కార్డు మీద మంచం ఇవ్వడం తన చేతిలో లేదనీ, ఇది పెట్టి మళ్ళీ రాయించమనీ, తను ఇక్కడున్నంత వరకూ తారీకు ఇస్తాననీ చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. కౌంటరు గుమాస్తా తరవాతి మనిషిని పిలిచాడు.

ఇంటికి వచ్చి కస్తూరి సంచిలో వస్తువులు ఒక్కొక్కటి తీసి వాటి వాటి చోట్ల పెట్టింది. సబ్బు సబ్బుపెట్టెలో, గ్లాసు వంటింటి అరలో. అప్పుడు వచ్చి తండ్రి ఎదురుగా కూర్చుని, ఎందుకు నాన్నా అంది.

ఆయన నేల చూస్తూ మొదలుపెట్టాడు. “సెక్షన్లో వైద్యం ఫైళ్ళు చూసేది త్యాగరాజు. కాగితం అతని బల్ల మీదికే వెళ్ళాలమ్మా. అందులో ఉన్న మాటలూ, కొలతలూ చదివినవాడు మర్నాడు మనింటికొచ్చి నీ చేత కాఫీ తీసుకుంటాడు. నేను... మీ అమ్మే ఉంటే...”

మిగతాది ఆయన కొంచెం కొంచెంగా చెప్పాడు. దరఖాస్తు తనే రాశాడు. ఒంటికి అసౌకర్యం అని రాశాడు. ఏ విభాగంలో అని ఉన్నచోట ప్లాస్టిక్ సర్జరీ అని రాశాడు. కావలసి వస్తే వైద్య పత్రాలు చూపగలనని రాశాడు. వాళ్ళు అడుగుతారనుకున్నాడు, అడిగితే కవరు అంటించి తనే పట్టుకెళ్ళి పై అధికారి చేతికే ఇద్దామనుకున్నాడు. వాళ్ళు అడగలేదు. జత కాగితం లేని దరఖాస్తుకి పత్రాలు పంపమని ఎవరు మాత్రం అడుగుతారు? ఉద్యోగంలో ఆయన స్వయంగా వందల దరఖాస్తులు ఇదే లోపానికి తిప్పి పంపాడు. విచారిస్తున్నాము అనే ముగింపు కూడా కొత్త గుమాస్తాలకి ఆయన నేర్పిందే.

కస్తూరికి కోపం రాలేదు. వస్తే బాగుండేదని తరవాత చాలాసార్లు అనుకుంది. పరువు కాపాడాలని ఆయన పడిన తాపత్రయం ఆమెకి పూర్తిగా అర్థమైంది, ఆమె కూడా అదే ఇంట్లో పెరిగింది గనక. ఆయన రాయలేని మాటని తను మాత్రం ఎవరితో అనగలిగింది? చీటీ ముందు పెట్టి ఊరుకుంది. తల్లి కూడా పదేళ్ళపాటు కుట్టింది గాని మాట్లాడలేదు.

ఈసారి దరఖాస్తు ఆమె రాసింది. పాఠం చెప్పినట్టు, ఒక్కొక్క వాక్యం విడివిడిగా. నా కూతురి రొమ్ములు జబ్బు వల్ల మోయలేనంత బరువుగా ఉన్నాయి అని మొదలుపెట్టింది. సంతకం కార్డు గలాయనదే ఉండాలి. తండ్రి ముందు పెట్టి పక్కకి వెళ్ళింది. కలం మూత తీసిన చప్పుడు వినపడటానికి చాలా సేపు పట్టింది.

మర్నాడు ఆఫీసులో ఆయన ఆ దరఖాస్తూ, రెండు పేజీల సర్టిఫికెట్టూ తనే త్యాగరాజు బల్ల దగ్గరికి తీసుకెళ్ళి నిలబడ్డాడు. త్యాగరాజు చదివాడు. చదివి, ఫైలు అట్ట వేసి, నాడా కట్టాడు.

“మొన్ననే ఇది పెట్టుంటే అప్పుడే అయిపోయేది గదండీ. నెలకి ఇలాంటివి పదొస్తాయి సార్ నాకు. మూలశంకలు, గర్భసంచులు, అన్నీనూ. పొద్దున చదివింది సాయంత్రం బస్సెక్కేసరికి గుర్తుండదు.”

సాయంత్రం వీరరాఘవులు ఈ మాట కూతురికి అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు.

ఫైలు వెళ్ళింది. ఒకసారి కాదన్నదాన్ని మళ్ళీ తెరవాలంటే ఆసుపత్రి విభాగం నుంచి తాజా అభిప్రాయం తీసుకోవాలని ఆరోగ్యశాఖ రాసింది. ఆ ఉత్తరం వచ్చేసరికి డిసెంబరు. కస్తూరి ఆసుపత్రికి వెళితే డాక్టర్ సేఠీ గది తాళం వేసి ఉంది. నవంబరులో ఆవిడకి వేరే ఊరికి బదిలీ అయిందట. బుధ, శనివారాలు కూడా ఇప్పుడు పెద్ద డాక్టరే చూస్తున్నాడు.

జనవరిలో, వీధి చివర ఏముందో కనపడనంత మంచు కమ్మిన ఒక పొద్దున, ఆమె మళ్ళీ ఆయన ముందు నిలబడింది. ఈసారి విద్యార్థులు వేరే. పాఠం అదే. ఆయన ఆమెను గుర్తుపట్టలేదు. ఆమె డాక్టర్ సేఠీ రాసిన కాగితం చూపించి, చేతులు తిమ్మిరెక్కుతున్నాయండీ, పాఠం చెప్పలేకపోతున్నానండీ అని హిందీలో, వణకకుండా చెప్పింది. ఆయన విన్నాడు. కటువుగా ఏమీ అనలేదు, అచ్ఛా అచ్ఛా అంటూ తలాడించాడు. ఫారం మీద ఒక్క వరస రాసి, ముద్ర వేయించుకోమన్నాడు. అత్యవసరం కాదు, వివాహమై, సంతానం కలిగిన పిదప పునఃపరిశీలించవచ్చు.

ఆ ఒక్క వరసతో ఫైలు మూసేశారు.

ఫిబ్రవరి ఆఖరు రోజున వీరరాఘవులు రిటైరయ్యాడు. సెక్షన్ వాళ్ళు దండ వేసి, ఒక గోడగడియారం ఇచ్చి, ఆయన భాష గురించి మాట్లాడారు. ఆయన కలం నుంచి ఒక పరుషవాక్యం వచ్చి ఎరగం అన్నాడు పై అధికారి. క్వార్టరు ఖాళీ చేయడానికి గడువు ఉంది. ఆ తరవాత ఢిల్లీలో అద్దెకి ఉండే స్తోమత లేదు, బాపట్ల దగ్గర అన్నగారింట్లో రెండు గదులు ఇస్తామన్నారు. అక్కడ ఈ కార్డు చెల్లదు.

మార్చి మొదటివారంలో జానకీదేవి గుడివాడ సంబంధం మాట మళ్ళీ తెచ్చింది. కస్తూరి చివరికి కూర్చుని తీయించుకున్న ఫొటో వాళ్ళు చూశారు, ముఖం బాగుందన్నారు. వీరరాఘవులు ఆవిణ్ణి గుమ్మం దాకా సాగనంపాడు. తరవాత వచ్చి, కూతురు కూర్చున్న చాప అంచు మీద కూర్చున్నాడు. అలా కింద కూర్చోవడం ఆయనకి అలవాటు లేదు.

“మంచివాళ్ళలాగే ఉన్నారమ్మా. నేనొకటి ఆలోచించాను. పెద్ద డాక్టరు రాసింది కూడా అదే గదా, పెళ్ళయి, పిల్లలు కలిగాక చూద్దామని. రాసి ఉంది కాగితం మీద. దాన్ని చూపించి, అప్పుడైనా...”

ఆయన నమ్మి చెప్పడం లేదు. ఏదో ఒకటి చేతికి అందించకుండా కూతుర్ని పంపలేక చెబుతున్నాడు. కస్తూరికి అది తెలుసు.

“అప్పుడు నేను ఎవరి కార్డు మీద ఉంటాను నాన్నా?”

పెళ్ళయిన ఆడపిల్ల తండ్రి కార్డులోంచి పోతుంది. భర్త కేంద్ర ప్రభుత్వంలో లేకపోతే ఆమెకి ఏ కార్డూ ఉండదు. ఆ నిబంధన అంకె, తారీకు సహా ఆయనకి కంఠతా వచ్చు. ఎన్నో ఇళ్ళ ఆడపిల్లల విషయంలో ఆయనే ఎన్నోసార్లు దాన్ని ఉదహరించాడు, ఎవరూ నొచ్చుకోని మాటల్లో. ఇప్పుడు కూడా ఒక వాక్యం వెతుకుతున్నట్టు ఆయన పెదాలు కదిలాయి. దొరకలేదు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, చాప అంచున, ఇంటికి వచ్చిన పరాయి మనిషిలా కూర్చుండిపోయాడు.

బయట పిల్లలు తలుపు తడుతున్నారు. నాలుగైంది. కస్తూరి గోడ పట్టుకుని లేచింది. లేచి, ఊపిరి సర్దుకునే దాకా ఒక్క నిమిషం అక్కడే వంగి నిలబడి, వెళ్ళి తలుపు తీసింది.